ఇంగ్లండ్‌లో ఫిజిక్స్ టీచర్ కావడానికి స్టూడెంట్ వీసా మీద పీజీసీఈకి వెళ్లాలా, ఉన్న బీఈడీతోనే ప్రయత్నించాలా?

ప్రశ్న: కొత్తగూడెం ఫిజికల్ సైన్స్

అందరికీ నమస్కారం. నేను భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ప్రైవేటు ఉన్నత పాఠశాలల్లో ఆరేళ్లుగా ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు ఫిజికల్ సైన్స్ బోధిస్తున్నాను. బీఎస్సీ ఎంపీసీ తెలుగు మాధ్యమంలో చదివాను. తరువాత ఎడ్‌సెట్ రాసి, ఫిజికల్ సైన్స్ మెథడాలజీతో రెండేళ్ల బీఈడీ ఇంగ్లీషు మాధ్యమంలో పూర్తి చేశాను. తెలంగాణలో 11,062 పోస్టులకు 2024లో జరిగిన డీఎస్సీ కూడా రాశాను, కానీ కొద్ది మార్కుల తేడాతో అవకాశం చేజారింది. నాకు ముప్పై ఒకటో ఏడు, మా పాపకు నాలుగేళ్లు. మావారికి ఇక్కడే చిన్న ఉద్యోగం ఉంది.

ఇంగ్లండ్‌లో ఫిజిక్స్ టీచర్ల కొరత ఉందని విని, సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. 2026 సెప్టెంబరుకు పీజీసీఈ అనే టీచర్ శిక్షణ కోర్సులో సీటు ఇప్పిస్తామని, మావారూ పాపా డిపెండెంట్ వీసా మీద నాతోపాటే రావచ్చని, అక్కడి ప్రభుత్వం ఖర్చుల కింద పది వేల పౌండ్లు ఇస్తుందని వారు చెప్పారు. అంత డబ్బు పెట్టలేమంటే, ఇంటి నుంచే చేయగలిగే పీజీసీఈ ఇంటర్నేషనల్ అనే చవకైన కోర్సు ఉందని, దానితోనూ అక్కడ టీచర్‌గా చేరవచ్చని అన్నారు. నేను చూసిన కరపత్రంలో తేదీ లేదు. అడిగిన ప్రతి ప్రశ్నకూ "అదంతా మేం చూసుకుంటాం మేడమ్" అన్న సమాధానమే వచ్చింది కనుక నాకు నమ్మకం కుదరలేదు.

నా సందేహాలు మూడు. పదో తరగతి మెమోలో ఇంగ్లీషు నాకు థర్డ్ లాంగ్వేజ్‌గా ఉంది, డిగ్రీ తెలుగు మాధ్యమం. ఇవి ప్రవేశానికి అడ్డు వస్తాయా? బ్యాంకులో చూపించవలసిన డబ్బుకు మా మామగారి పేరు మీద ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ పనికి వస్తుందా? ఇప్పటికే బీఈడీ ఉన్న నాకు మళ్లీ శిక్షణ కోర్సు అవసరమా? అక్కడ చదివినవారు, పనిచేస్తున్నవారు దయచేసి వివరంగా రాయగలరు.


సమాధానం 1: ఉత్తర ఇంగ్లండ్ సైన్స్ టీచర్

నమస్కారం మేడమ్. నేను 2024 సెప్టెంబరులో స్టూడెంట్ వీసా మీద వచ్చి, 2025 వేసవిలో ఫిజిక్స్ పీజీసీఈ పూర్తి చేసి, ఇప్పుడు చదువు పూర్తయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాతో ఒక సెకండరీ స్కూలులో పనిచేస్తున్నాను. ముందుగా కన్సల్టెన్సీ మాటల్లో సరిచేయవలసినవి ఉన్నాయి.

టాట్ కోర్సులకు, అంటే తరగతి బోధనతో సాగే కోర్సులకు వచ్చే విద్యార్థులు 2024 జనవరి 1 తరువాత మొదలయ్యే చదువులకు భార్యనో భర్తనో పిల్లలనో డిపెండెంట్లుగా తీసుకురావడానికి వీలు లేదు. పీహెచ్‌డీ వంటి పరిశోధన కోర్సులకు, ప్రభుత్వ ఉపకారవేతనంతో వచ్చేవారికి మినహాయింపు ఉంది. పీజీసీఈ టాట్ కోర్సే కనుక మీరు ఒక్కరే రావాలి. ఆ తరువాత గ్రాడ్యుయేట్ వీసాకు మారినా, చదువుకునేటప్పటికే డిపెండెంట్లుగా ఉన్నవారికే అందులో చోటు ఉంటుంది. కాబట్టి ఉద్యోగం ఇచ్చే సంస్థ స్పాన్సర్ చేస్తే వచ్చే స్కిల్డ్ వర్కర్ వీసా మీకు దొరికేదాకా పాప ఇక్కడికి రాలేదు. నాలుగేళ్ల పిల్ల తల్లికి ఈ విషయం మొదటి రోజే చెప్పవలసింది. దీనిని దాచి సీటు అమ్మేవారి మాట మరి దేనిలోనూ నమ్మకండి.

పది వేల పౌండ్ల సంగతి 2023లో ప్రయోగాత్మకంగా మొదలైన తరలింపు భత్యం. అది అన్ని సబ్జెక్టులకూ ఎన్నడూ లేదు, శాశ్వత పథకమూ కాదు. మీరు చూసిన కరపత్రం ఆనాటిది అయి ఉంటుంది. నా ఏడాది, అంటే 2024-25లో, ఫిజిక్స్ శిక్షణార్థులకు 28,000 పౌండ్ల బర్సరీ, అంటే శిక్షణ కాలపు ఆర్థిక సహాయం, ఉండేది. విదేశీయులకు కూడా అర్హత ఉన్న కొద్ది సబ్జెక్టుల్లో ఫిజిక్స్ ఒకటి కనుక అది నాకు దక్కింది, ఫీజు గట్టెక్కడానికి ఆ డబ్బే ఆధారమైంది. కానీ ఈ మొత్తాలూ అర్హతలూ ప్రతి ఏడాదీ కొత్తగా ప్రకటిస్తారు. మీరు చేరబోయే సంవత్సరపు ప్రకటనలో విదేశీయుల గురించి రాసిన వాక్యం స్వయంగా చదివే దాకా బర్సరీని మీ లెక్కలో ఒక్క పౌండుకు కూడా కలపకండి.

పీజీసీఈ ఇంటర్నేషనల్ అన్నది వేరే చదువు. ఇంగ్లండ్ ప్రభుత్వ పాఠశాలల్లో అర్హత గల టీచర్‌గా గుర్తింపు రావాలంటే కావలసింది క్యూటీఎస్ అనే హోదా, ఆ ఆన్‌లైన్ కోర్సు దానిని ఇవ్వదు. పేరులో దగ్గరగా ఉండే ఐక్యూటీఎస్ మరొకటి ఉంది, దానిని మాత్రం ఇంగ్లండ్ విద్యాశాఖ క్యూటీఎస్‌తో సమానంగా గుర్తిస్తుంది. నాలుగైదు అక్షరాల తేడాలో మనవాళ్లు లక్షలు పోగొట్టుకుంటున్నారు, కోర్సు పేజీలో "క్యూటీఎస్‌తో" అన్న మాట ఉందో లేదో చూడకుండా డిపాజిట్ కట్టకండి.

ఇక ప్రవేశం సంగతి. ఇంగ్లండ్ కోర్సులకు దరఖాస్తు అక్కడి విద్యాశాఖ సొంత వెబ్‌సైటులోనే పెట్టాలి. స్కాట్లండ్, వేల్స్ పద్ధతులు వేరు. కోర్సులు వెతికే పేజీలో వీసా స్పాన్సర్‌షిప్ ఉన్నవి మాత్రమే చూపమనే మీట ఉంటుంది, ముందు దానిని నొక్కండి. శిక్షణ ఇచ్చే ప్రతి సంస్థకూ విదేశీ విద్యార్థిని స్పాన్సర్ చేసే లైసెన్సు ఉండదు, బడుల సమాఖ్యలు నడిపే శిక్షణ కేంద్రాల్లో చాలావాటికి లేదు. ఫీజు కట్టి చదివే కోర్సు అయితే స్టూడెంట్ వీసా, జీతం ఇచ్చే శిక్షణ అయితే స్కిల్డ్ వర్కర్ వీసా అవసరం. డిగ్రీ ఉండాలి, ఇంగ్లీషులోనూ లెక్కల్లోనూ జీసీఎస్‌ఈ అనే వారి పదో తరగతి వంటి పరీక్షలో గ్రేడ్ 4కు సమానమైన అర్హత ఉండాలి. మన డిగ్రీ అక్కడి ఏ స్థాయికి సమానమో చెప్పే పత్రం యూకే ఎనిక్ ఇస్తుంది. మూడేళ్ల బీఎస్సీకి ఆ పత్రంలో ఏ మాట వస్తుందన్నది చదివిన సంస్థను బట్టి ఉంటుంది కనుక, దానిని ముందే తెప్పించుకోవడం మేలు.

థర్డ్ లాంగ్వేజ్ గురించి మీ భయం నాకూ ఉండేది. మెమో చూసిన అడ్మిషన్ల అధికారిణి "ఇంగ్లీషును మూడో భాషగా, అంటే ప్రాథమిక స్థాయిలో చదివారా?" అని అడిగారు. ఆ వరుస సంఖ్య భాషల క్రమమే తప్ప స్థాయి కాదని, పేపరు మొత్తం ఇంగ్లీషులోనే ఉంటుందని వివరిస్తూ, సిలబస్ పేజీలు జతచేసి ఒక లేఖ పంపాను. ఆ విశ్వవిద్యాలయం ఒప్పుకుంది. మరొకటి ఒప్పుకోలేదు, వారి సమానతా పరీక్ష రాయమంది. ఇది సంస్థ విచక్షణ మీద ఆధారపడినది కాబట్టి దరఖాస్తుకు ముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లోనే జరిగింది. పది నిమిషాల పాఠం చెప్పమన్నారు. కరెంటు తీగ మీద వాలిన పిట్టకు షాక్ ఎందుకు కొట్టదన్న ప్రశ్నతో మొదలుపెట్టి పొటెన్షియల్ తేడా వివరించాను. పాఠం అయ్యాక వారు ఫిజిక్సు ఏమీ అడగలేదు. "వెనక బెంచీలో ఒకరు వినకుండా మాట్లాడుతుంటే ఆ మూడో నిమిషంలో మీరేం చేసేవారు?" అని అడిగారు. ఇంటర్వ్యూలో సగం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

కోర్సులో కనీసం 120 రోజులు, అంటే 24 వారాలు, కనీసం రెండు వేర్వేరు బడుల్లో గడపాలి. అది చదువులో భాగమే కనుక స్టూడెంట్ వీసాలోని వారానికి ఇరవై గంటల పని పరిమితి దానికి వర్తించదు. కానీ ఆ బడి పని తరువాత పార్ట్‌టైం ఉద్యోగం చేసే ఓపిక ఉంటుందని ఊహించుకోకండి. రెండో ప్లేస్‌మెంట్‌కు నేను ఉదయం ఆరుంబావుకు బస్సెక్కి, మధ్యలో ఒకసారి మారి, ఏడున్నరకు బడి చేరేదానిని. ఫిజిక్స్ శిక్షణార్థి అయినా చిన్న తరగతులకు మూడు శాస్త్రాలూ చెప్పాలి. ఎంపీసీ చదివిన నేను పదో తరగతి తరువాత జీవశాస్త్రం ముట్టలేదు. ఇయర్ 7, అంటే మన ఆరో తరగతి వయసు పిల్లలకు ఉల్లిపొర కణాలను సూక్ష్మదర్శినిలో చూపించే పాఠం ఇచ్చారు. ముందు రోజు రాత్రి ల్యాబ్ టెక్నీషియన్ దగ్గర అయోడిన్ చుక్క ఎలా వేయాలో నేర్చుకుని వెళ్లాను.

మీకు బీఈడీ ఉంది కదా, మళ్లీ ఎందుకని అడిగారు. చట్టం దృష్టిలో అవసరం లేకపోవచ్చు. కానీ ముప్పై మంది ఇంగ్లీషు పిల్లలను అదుపులో ఉంచడం నేను ఆ ఏడాదిలోనే నేర్చుకున్నాను. నేరుగా ఉద్యోగంలోకి దిగి ఉంటే మొదటి టర్మ్ దాటేదానిని కాదని నా నమ్మకం.


సమాధానం 2: గుంటూరు నుంచి బర్మింగ్‌హామ్

పైన రాసిన సోదరి అనుభవాన్ని గౌరవిస్తూనే, ఈ మేడమ్ విషయంలో నేను వేరే మాట చెప్పదలిచాను. ఆరేళ్లు బోధించిన బీఈడీ టీచర్, అందులోనూ ఫిజిక్స్ టీచర్, విదేశీ విద్యార్థి ఫీజు కట్టి మళ్లీ శిక్షణ తీసుకోవడం ఆఖరి ప్రయత్నం కావాలి, మొదటిది కాకూడదు.

2023 ఫిబ్రవరి 1న ఇంగ్లండ్ విద్యాశాఖ విదేశీ టీచర్లు నేరుగా క్యూటీఎస్‌కు దరఖాస్తు చేసుకునే విధానాన్ని మార్చి, అంతకు ముందు అవకాశం లేని కొన్ని దేశాలవారికి తలుపు తెరిచింది. భారత్, నైజీరియా, ఘనా, జింబాబ్వే, దక్షిణాఫ్రికా అందులో ఉన్నాయి. మనవారికి ఒక షరతు పెట్టారు. 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు లెక్కలు, సైన్సు లేదా భాషలు బోధించే శిక్షణ పొంది ఉండాలి. సోషల్ మెథడాలజీ చేసినవారికి ఈ దారి లేదు. మీ ఫిజికల్ సైన్స్ మెథడాలజీ సరిగ్గా ఇందులోకి వస్తుంది. డిగ్రీ, టీచర్ శిక్షణ, శిక్షణ తరువాత కనీసం ఒక విద్యా సంవత్సరం బోధనానుభవం, మీ మీద వృత్తిపరమైన ఆంక్షలేవీ లేవన్న రుజువు, ఇంగ్లీషు పరిజ్ఞానం చూస్తారు. ఆ దరఖాస్తుకు రుసుము లేదు. ఇది ఉచితమని తెలియక ఏజెంటుకు అరవై వేలు కట్టినవారు నాకు తెలుసు.

ఇంగ్లీషు రుజువు విషయంలో మాత్రం మీ తెలుగు మాధ్యమం డిగ్రీ అడ్డు తగలవచ్చు. బీఈడీ ఇంగ్లీషులోనే జరిగిందని మీ విశ్వవిద్యాలయం రాసి ఇచ్చే పత్రం ఒక ప్రయత్నం. కాలేజీ ప్రిన్సిపాల్ లెటర్‌హెడ్ మీద రాసినదాన్ని నా మిత్రుడి విషయంలో తిప్పి పంపారు, విశ్వవిద్యాలయం ముద్ర ఉన్నది అడిగారు. ఆ కాగితం కోసం నాలుగుసార్లు తిరిగే బదులు, గుర్తింపు ఉన్న ఇంగ్లీషు పరీక్ష బీ2 స్థాయిలో, అంటే ధారాళంగా మాట్లాడి రాయగల స్థాయిలో, రాసేయడం సుఖం. స్కిల్డ్ వర్కర్ వీసాకు కొత్తగా దరఖాస్తు చేసేవారికి కూడా 2026 జనవరి 8 నుంచి బీ2 స్థాయే అడుగుతున్నారు. అందుచేత ఐఈఎల్‌టీఎస్ రాసేటట్లయితే యూకే వీసాల కోసం నిర్దేశించిన రకమే రాయండి, ఒకే పరీక్ష రెండు పనులకూ ఉపయోగపడుతుంది.

అయితే క్యూటీఎస్ వచ్చినంత మాత్రాన వీసా రాదు, ఉద్యోగమూ రాదు. దీన్ని దాచడం నాకు ఇష్టం లేదు. స్పాన్సర్ లైసెన్సు ఉన్న బడి మీకు ఉద్యోగం ఇస్తే అప్పుడు స్కిల్డ్ వర్కర్ వీసాకు వెళ్లాలి. చాలా బడులకు ఆ లైసెన్సు లేదు. ఉన్నవాటికీ స్పాన్సర్ చేయడం ఖర్చుతో కూడిన పని. నేను క్యూటీఎస్ వచ్చాక ఎనిమిది నెలల్లో యాభైకి పైగా బడులకు రాశాను. జవాబు ఇచ్చినవి తొమ్మిది, ఇంటర్వ్యూకు పిలిచినవి మూడు. ఫిబ్రవరి నుంచి మే నెలాఖరు వరకు ప్రకటనలు ఎక్కువ వస్తాయి, ఎందుకంటే అక్కడి టీచర్లు సెప్టెంబరుకు బడి మారాలంటే మే 31 లోపు రాజీనామా ఇవ్వాలి. మీరు చూడవలసిన కాలం అదే. ఫిజిక్సుకు ఉన్న బలం ఏమిటంటే, 2023-24లో ఇంగ్లండ్ తాను పెట్టుకున్న ఫిజిక్స్ శిక్షణార్థుల లక్ష్యంలో 17 శాతమే చేరుకోగలిగింది. అందువల్లే లండన్‌కు దూరంగా ఉన్న కొన్ని బడులు మనవంటివారి దరఖాస్తును పక్కన పెట్టకుండా చదువుతున్నాయి.

జీతం సంగతి చెబుతాను. లండన్ ప్రాంతం కాక మిగిలిన ఇంగ్లండ్‌లో అర్హత గల టీచర్ మొదటి మెట్టు 2025-26లో ఏడాదికి 32,916 పౌండ్లు. ఈ వీసా మీద వచ్చే టీచరు భర్తనూ బిడ్డనూ వెంట తీసుకురావచ్చు. మీ కథలో నాకు అన్నింటికన్నా పెద్దదిగా కనిపించింది ఇదే. పీజీసీఈకి ఒక్కరే వచ్చి, పదినెలలు చదివి, ఆ తరువాత గ్రాడ్యుయేట్ వీసా మీద ఒంటరిగా గడిపి, చివరికి స్కిల్డ్ వర్కర్‌కు మారేసరికి పాపకు ఆరేడేళ్లు వస్తాయి.

ఇంకొకటి. గ్రాడ్యుయేట్ వీసా ఇంతకాలం రెండేళ్లు ఇచ్చేవారు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలే. మీరు 2026 సెప్టెంబరులో చేరితే 2027 వేసవిలో పూర్తవుతుంది కనుక మీకు పద్దెనిమిది నెలలే వస్తాయి. కొత్త టీచర్ల ఇండక్షన్, అంటే పర్యవేక్షణలో పనిచేసే తొలి కాలం, అక్కడ రెండేళ్లు. అంటే ఇండక్షన్ మధ్యలోనే స్పాన్సర్ చేసే బడి దొరకక తప్పదు. పై సోదరికి ఈ ఇబ్బంది లేదు, ఆమె ముందే దాటిపోయారు.

క్రమశిక్షణ గురించి ఆమె రాసింది మాత్రం నిజం. నా మొదటి నెలలో ఒక కుర్రవాడు నా ఉచ్చారణను అనుకరిస్తూ "వోల్టేజ్" అన్న మాటను తరగతి అంతటి చేత అనిపించాడు. మన బడుల్లో లాగా గొంతు పెంచితే అక్కడ తరగతి ఇంకా రెచ్చిపోతుంది. తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరిస్తూ లోపలికి పంపడం, వారు కూర్చునేసరికి బోర్డు మీద మొదటి పని సిద్ధంగా ఉంచడం, ఈ రెండూ అలవాటు చేసుకున్నాకే నాకు ఊపిరి ఆడింది. దానికి పదిహేను వేల పౌండ్ల పైచిలుకు ఫీజు కట్టనక్కర లేదని మాత్రం అంటాను.


సమాధానం 3: పత్రాల పని చూసినవాడిని

నేను టీచర్‌ని కాను. ఒక డిగ్రీ కళాశాల కార్యాలయంలో ఇరవై రెండేళ్లు పనిచేసి, విదేశాలకు వెళ్లే పిల్లల సర్టిఫికెట్లు సరిచూసి పంపుతూ వచ్చాను. మా అమ్మాయి వీసా ఫైలు కూడా నేనే తయారు చేశాను. మీ మామగారి డిపాజిట్ ప్రశ్నకు ఎవరూ జవాబు రాయలేదు కనుక ఇది రాస్తున్నాను.

అది చెల్లదమ్మా. స్టూడెంట్ వీసాకు చూపే డబ్బు దరఖాస్తుదారు పేరున గాని, తల్లిదండ్రుల పేరున గాని ఉండాలి. తల్లిదండ్రులదైతే జనన ధ్రువీకరణ పత్రం, వారి అంగీకార లేఖ జతచేయాలి. అత్తమామలు, అన్నదమ్ములు, మేనమామలు ఎంత ఉన్నవారైనా లెక్కలోకి రారు. భర్త ఖాతా కూడా, ఆయన తానూ వెంట వీసాకు దరఖాస్తు చేస్తున్నప్పుడో ఇప్పటికే అక్కడ ఉన్నప్పుడో తప్ప పనికిరాదు. పొలం విలువ కట్టించిన కాగితం, బంగారం మదింపు, ఆడిటర్ సంతకం పెట్టిన ఆస్తుల పట్టిక, ఇవేవీ అడగరు. మామగారు సహాయం చేయదలిస్తే ఆ సొమ్ము ముందే మీ సొంత ఖాతాలోకి మార్చి, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగేలా కాగితం ఉంచుకోండి. విద్యారుణం తీసుకుంటే అది మీ పేరునే మంజూరై ఉండాలి.

ఎంత ఉండాలన్నది చెబుతాను. 2025 నవంబరు 11 నుంచి లండన్ బయట చదివేవారు నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు 10,539 పౌండ్లు చూపాలి. లండన్‌లో అయితే నెలకు 1,529 పౌండ్లు, తొమ్మిది నెలలకు 13,761. దానికి తోడు ఇంకా కట్టవలసిన ఫీజు బాకీ మొత్తం ఉండాలి. ఈ సొమ్ము వరుసగా 28 రోజులు ఒక్క రోజు కూడా తగ్గకుండా ఖాతాలో నిలవాలి, ఆ స్టేట్‌మెంట్ చివరి తేదీ దరఖాస్తు రోజుకు 31 రోజుల లోపుది కావాలి. మా బంధువుల అబ్బాయి ఒకడు ఇరవై ఆరో రోజున ఆ ఖాతా నుంచే హాస్టల్ అడ్వాన్సు కట్టాడు. నిల్వ అవసరమైనదానికన్నా నాలుగు వేల రూపాయలు తగ్గింది. అడ్వాన్సు రసీదు చూపినా లాభం లేకపోయింది, మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. రూపాయల నిల్వను దరఖాస్తు రోజు మారకపు రేటుతో పౌండ్లలోకి మార్చి చూస్తారు కాబట్టి సరిగ్గా సరిపోయేంత ఉంచకండి. రేటు కొద్దిగా మారినా సరిపోయేలా అదనంగా ఉంచండి.

వీసా రుసుము 2025 ఏప్రిల్‌లో 524 పౌండ్లు అయింది. ఆరోగ్య సర్‌చార్జి విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు. పది నెలల కోర్సుకు ముందొక నెల, తరువాత రెండు నెలలు కలిపి వీసా ఇస్తారు కనుక ఏడాది దాటిన భాగానికి సగం కలిసి 1,164 పౌండ్లు పడుతుంది. ఆరు నెలలకు మించిన వీసా కాబట్టి అక్కడివారు గుర్తించిన క్లినిక్‌లోనే క్షయ పరీక్ష చేయించుకోవాలి. పిల్లలతో పనిచేసే వృత్తి కనుక పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా శిక్షణ సంస్థ అడుగుతుంది. పత్రాలన్నీ సిద్ధమయ్యాక, విశ్వవిద్యాలయం క్యాస్ సంఖ్య, అంటే ప్రవేశం ఖరారైందని తెలిపే సంఖ్య, ఇచ్చిన తరువాతే వీసా దరఖాస్తు. సెప్టెంబరులో చేరేవారు జూలైలోనే పెట్టగలిగితే నిద్ర పడుతుంది.

చివరిగా పేర్ల సంగతి. మనవాళ్ల ఫైళ్లలో సగం తిప్పలు ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం, డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా ముందు, పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర, పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు, బీఈడీ ప్రొవిజనల్‌లో "లక్ష్మి" చివర ఒక అక్షరం ఎక్కువ. మనకు ఐదుగురూ ఒకరే అని తెలుసు. అక్కడ కూర్చున్న గుమాస్తాకు ఐదుగురు మనుషులు. మీ మెమోలు, కన్సాలిడేటెడ్ మార్కుల జాబితా, ఒరిజినల్ డిగ్రీ, పాస్‌పోర్టు వరుసగా బల్ల మీద పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే పాస్‌పోర్టును మార్చడానికి పరుగెత్తకండి. నోటరీ అఫిడవిట్, అవసరమైతే బోర్డు దిద్దుబాటు, ఈ వరుసలో చూసుకోండి. పదో తరగతి మెమోలో దిద్దుబాటుకు నెలలు పడుతుంది కనుక ఏ దారిలో వెళ్లినా ఈ పని ఈ వారమే మొదలు కావాలి.


ప్రశ్న అడిగినవారి జవాబు: కొత్తగూడెం ఫిజికల్ సైన్స్

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. రాత్రి మావారితో కలిసి అన్నీ రెండుసార్లు చదివాం. పాపను వదిలి రెండేళ్లకు పైగా ఉండడం నా వల్ల కాదు కనుక, ముందు క్యూటీఎస్‌కు దరఖాస్తు చేసి, ఈ వేసవిలో బీ2 పరీక్ష రాస్తాను. పత్రాలు బల్ల మీద పెట్టి చూశాను. మీరన్నట్టే బీఈడీ ప్రొవిజనల్‌లో నా పేరు ఒక అక్షరం తేడాగా ఉంది. ఒక్క సందేహం మిగిలింది. నా ఆరేళ్ల అనుభవం రెండు ప్రైవేటు బడులది. మొదటి బడి కరోనా కాలంలో మూతపడింది, కరస్పాండెంట్ గారు ఇప్పుడు వేరే ఊళ్లో ఉన్నారు. ఆ అనుభవాన్ని ఎలా రుజువు చేయాలి? ఎవరైనా ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగితే ఇవ్వవచ్చా?


సమాధానం: గుంటూరు నుంచి బర్మింగ్‌హామ్

మేడమ్, కనీస అనుభవానికి ఇప్పుడు పనిచేస్తున్న బడి ఒక్కటే చాలు. ఆ బడిలో బీఈడీ తరువాత ఎన్నేళ్లయిందో చూసి, ముందు దానినే చూపండి. వారు మీ అనుభవాన్ని నిర్ధారించుకోవడానికి బడిలోని పైఅధికారికి ఈమెయిల్ పంపుతారు. మా ప్రధానోపాధ్యాయుడు గారు దానిని ప్రకటన అనుకుని తొలగించారు, నా దరఖాస్తు ఏడు వారాలు కదలలేదు. మీ హెడ్మాస్టర్ గారికి ముందే చెప్పి, ఆయన రోజూ తెరిచి చూసే ఈమెయిల్ చిరునామానే ఇవ్వండి. బడి పేరుతో ఉన్న చిరునామా అయితే ఇంకా మంచిది. మూతపడిన బడి గురించి నియామక పత్రం, జీతం పడిన బ్యాంకు పుస్తకం పేజీలు ఉంటే దాచుకోండి, ఉద్యోగం ఇచ్చే బడి జీతం మెట్టు నిర్ణయించేటప్పుడు అవి ఉపయోగపడవచ్చు.

డబ్బు మాత్రం ఇవ్వకండి. పని వెతికిపెట్టినందుకు ఉద్యోగార్థి దగ్గర రుసుము తీసుకోవడాన్ని అక్కడి 1973 నాటి ఉద్యోగ ఏజెన్సీల చట్టం నిషేధించింది. ఏజెన్సీకి డబ్బు ఇవ్వవలసింది బడి. ఫిబ్రవరి వచ్చేస్తోంది, ప్రకటనలు చూడడం మొదలుపెట్టండి. మీ దరఖాస్తు లేఖ చిత్తు ప్రతి తయారయ్యాక, పేర్లు తీసేసి ఇక్కడ పెడితే నేనూ, ఉత్తర ఇంగ్లండ్ సోదరీ చదివి చెబుతాం.